చెల్లెలి చేతి సూది

ఆ ఆసుపత్రిలో నర్సులకి కొదవలేదు గానీ, నర్సమ్మ అంటే మాత్రం అందరికీ ఆవిడే. ఇంట్లో పేరు చిట్టి. నడివయసు దాటి, కళ్ళజోడు వచ్చి, మెట్లెక్కితే మోకాళ్ళు మూలిగే మనిషిని ఆ పేరుతో పిలిచేవాళ్ళు భూమ్మీద ఇద్దరే మిగిలారు, అక్కా బావా. "ఇంత మనిషిని పట్టుకుని చిట్టి ఏమిటండీ?" అని ఎవరైనా నవ్వితే అక్క ఊరుకునేది కాదు. "ముక్కు చీది బడికి పంపినదాన్ని నేను. మీరు నర్సమ్మ అనుకోండి, ఇంకేమైనా అనుకోండి, నాకు చిట్టే" అనేది.

అది గొప్పకి అన్న మాట కాదు. తల్లి పోయేనాటికి చిట్టికి తన జడ తాను వేసుకోవడం కూడా రాదు. అక్క అప్పటికే ఒక దర్జీ కొట్లో గుండీలు కుట్టే పనికి పోతోంది. ఆ గుండీల మీదే చెల్లెల్ని పెంచింది, నర్సు చదువు చదివించింది. తనని చేసుకుంటానని వచ్చిన బస్సు కండక్టరుతో, "నాతోపాటు ఇదీ వస్తుంది. ఇష్టమైతే సరే, లేకపోతే మీ దారి మీది" అని మొహమ్మీదే చెప్పేసింది. ఆయన మహానుభావుడు, ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నందుకు జీవితాంతం ఒకటే జోకు వేసుకునే హక్కు సంపాదించాడు. "ఒక్క టికెట్టు కొట్టాను, లగేజీ కూడా ఎక్కేసింది" అనేవాడు మరదల్ని చూపించి.

చిట్టి పెళ్ళి సంగతంటారా, అది కుదరలేదు. ఆవిడ బెంగపడనూ లేదు. మధ్యలో మనకెందుకు?

మొదటి ఉద్యోగం హాస్పీసులో. ఇక మందులతో నయం కాదని తేలినవాళ్ళు, ఉన్న నాలుగు రోజులూ నొప్పి లేకుండా వెళ్ళదీయడానికి వచ్చే చోటు అది. అలాంటి చోట ఏడాది నిలబడితే గొప్ప. ఆవిడ చాలా ఏళ్ళు చేసింది. అక్కడే ఆవిడకి ఒక పద్ధతి పట్టుబడింది. రోగి దగ్గరికి వెళ్తే ముందు స్టూలు లాక్కుని కూర్చోవాలి. తర్వాత "మీకేం కావాలి?" అని అడగాలి. ఆ తర్వాత నోరు మూసుకోవాలి. వినడానికి ఎంత తేలికో చెయ్యడానికి అంత కష్టం, ముఖ్యంగా ఆ మూడోది. ఒకసారి ఒక ముసలి వడ్రంగి కోసం ఆయన కొడుకులిద్దరూ వసారాలో కీచులాడుకుంటున్నారు. పెద్దాసుపత్రికి తీసుకెళ్దామని ఒకడు, ఇంటికి తీసుకెళ్దామని ఒకడు. నర్సమ్మ లోపలికెళ్ళి కూర్చుంది, అడిగింది, ఊరుకుంది. చాలాసేపటికి ఆయన, "ఈ మంచం ఇటు తిప్పండమ్మా. ఎవరొస్తున్నారో కనపడట్లేదు" అన్నాడు. ఇద్దరు కొడుకులూ చెరోవైపూ పట్టుకుని మంచం గుమ్మం వైపు తిప్పారు.

మరెందుకు మానేసిందంటే, ఒకరోజు కొత్తగా చేరిన ఒకావిడని పేరడగబోయి, "ఎందుకులే, ఎన్నాళ్ళుంటుంది గనక" అనుకుంది. పైకి అనలేదు, మనసులోనే. అయినా తన మాటకి తనకే ఒళ్ళు జలదరించింది. ఇంకా ఇక్కడే ఉంటే రాయినైపోతానని భయపడి, ఆ నెలలోనే ఈ ఆసుపత్రి డయాలసిస్ విభాగానికి మారిపోయింది.

అది వేరే లోకం. కిడ్నీలు పనిచెయ్యనివాళ్ళు వారానికి మూడు రోజులు వచ్చి కుర్చీల్లో వెనక్కి వాలతారు. ఒంట్లో రక్తం ఒక గొట్టంలోంచి మెషిన్లోకి వెళ్ళి, శుభ్రపడి, ఇంకో గొట్టంలోంచి వెనక్కొస్తుంది. పూటంతా పడుతుంది. ఇక్కడ మనుషులు వెళ్ళినవాళ్ళు మళ్ళీ వస్తారు. నర్సమ్మకి అదే కొండంత సంతోషం. కిటికీ పక్క కుర్చీ నాదంటే నాదని దెబ్బలాడుకుంటారు, టీవీ ఛానెల్ మార్చారని అలుగుతారు. సెలూన్ నడిపే ఒకాయన ఉండేవాడు, అందరూ సెలూన్ మామయ్య అనేవారు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. మెషిన్ మీద ఉన్నంతసేపూ తను చూసిన బుర్రల గురించి చెప్తూనే ఉండేవాడు, పైన జుట్టు సంగతీ, లోపల గుజ్జు సంగతీ.

ఇక సూది. డయాలసిస్ రోగులకి చేతిలో ఒక నరాన్ని ఆపరేషన్ చేసి లావు చేస్తారు, దాన్ని ఫిస్టులా అంటారు. వేలు ఆనిస్తే లోపల జుమ్మంటుంది. వచ్చిన ప్రతిసారీ అందులోకి రెండు లావుపాటి సూదులు దించాలి. ఆ పనిలో నర్సమ్మ చేతికి తిరుగులేదు. "అయిపోయిందా?" అని రోగే ఆశ్చర్యపోయేవాడు. ఆవిడ సెలవు పెడితే అందరూ మొహాలు వేలాడేసుకునేవారు. ఆ పేరు వినే నర్సింగ్ కాలేజీవాళ్ళు వారానికి రెండు పూటలు పాఠం చెప్పమని పిలిచారు. పిల్లలకి సూది దించడం నేర్పేది, మనిషితో మాట్లాడడం నేర్పేది. కూర్చో, అడుగు, నోరు మూసుకో. మొదటి క్లాసులోనే ఆ మూడు ముక్కలూ వల్లె వేయించేది.

ఇలా బండి సాఫీగా నడుస్తుండగా అక్క కిడ్నీలు దెబ్బతిన్నాయి. షుగరు చేసిన పని. డాక్టరు నోట డయాలసిస్ మాట రాగానే బావ అక్కడే బల్ల మీద కూలబడ్డాడు. నర్సమ్మ మాత్రం కళ్ళు తుడుచుకుని, "అంతా నా చేతుల మీదుగానే జరగాలి. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను" అంది. తప్పేముంది? తనని ఎత్తుకుని పెంచిన చేతిని ఇంకెవరో గుచ్చుతుంటే చూస్తూ ఎలా ఊరుకుంటుంది? అక్క కూడా మొదట్లో సంబరపడింది. వారానికి మూడు రోజులు చెల్లెల్ని చూడొచ్చని, మంచి బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని ఆసుపత్రి వ్యాను ఎక్కేది.

రెండేళ్ళు గడిచాయి. ఈ రెండేళ్ళలో నర్సమ్మకి ఒక అలవాటైంది. అక్కింటికి వెళ్తే చెప్పులు విడవకముందే వంగి అక్క కాలిమీద బొటనవేలు పెట్టి నొక్కేది. గుంట పడితే ఒంట్లో నీరు చేరినట్టు. గుంట పడిందా, బావకి మూడినట్టే. "ఎన్ని గ్లాసులు తాగింది? టీ ఎన్నిసార్లు ఇచ్చారు? వద్దన్న అరటిపండు గానీ పెట్టారా?" ఉద్యోగంలో ఎంతమంది చెకింగ్ ఇన్‌స్పెక్టర్లనో చూసిన మనిషి, మరదలి ముందు మాత్రం టికెట్టు లేని ప్రయాణికుడిలా నీళ్ళు నమిలేవాడు.

ఒకనాడు నర్సమ్మ తన కాలేజీ పిల్లల్ని డయాలసిస్ విభాగానికి తీసుకొచ్చింది. తిన్నగా అక్క కుర్చీ దగ్గరికే నడిపించింది. "ఫిస్టులా అంటే ఇలా ఉండాలి. ఒక్కొక్కరే వచ్చి వేలు ఆనించి చూడండి" అని అక్క చేయి పైకెత్తి పట్టుకుంది. గర్వంగానే పట్టుకుంది పాపం. పిల్లలు వరసకట్టి వేళ్ళు ఆనించారు. "భలే జుమ్మంటోంది మేడం!" అని ఒకమ్మాయి ముచ్చటపడింది. అక్క టీవీ వైపు చూస్తూ కూర్చుంది.

తర్వాతి వంతుకి అక్క రాలేదు.

ఫోన్ చేస్తే కడుపులో బాగాలేదంది. ఆ తర్వాత ఒకసారి వ్యాను తప్పిపోయిందంది. వ్యాను డ్రైవరేమో, "గుమ్మం ముందు హారన్ కొట్టి కొట్టి విసిగి వచ్చానమ్మా" అన్నాడు. డయాలసిస్ మానడమంటే సినిమా మానడం కాదు. తీయాల్సిన నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది, రక్తంలో పేరుకున్న లవణాలు గుండెనే ఆపేస్తాయి. ఆ సంగతి అక్కకీ తెలుసు.

నర్సమ్మ ఏం చేసింది? డయాలసిస్ నర్సులు ఏం చేస్తారో అదే చేసింది. రోగి మొహం ముడుచుకుంటే మెషిన్ వైపు చూడడం వాళ్ళకి అలవాటు. నీరు మరీ జోరుగా లాగుతున్నామేమో, పిక్కలు పట్టేస్తున్నాయేమో అని జోరు తగ్గించింది. చలేస్తోందేమోనని మెషిన్లో వేడి కాస్త పెంచింది, దుప్పటి తెచ్చింది. సెలూన్ మామయ్యని బతిమాలి కిటికీ పక్క కుర్చీ అక్కకి ఇప్పించింది. "మేమూ మీకు అక్కయ్యలమైపోతే బాగుణ్ణు" అని గొణుక్కుంటూ లేచాడాయన. ఇన్ని చేస్తే అక్క రెండుసార్లు వచ్చింది. మూడోసారి మళ్ళీ మానేసింది.

ఆ వారమే నర్సమ్మ కాలేజీలో ఉండగా బావ ఫోన్ చేశాడు. "చిట్టీ, మీ అక్క పడుకోలేకపోతోందమ్మా. కూర్చున్నా ఊపిరి ఆడట్లేదు." ఆ గొంతులో జోకు లేదు. అంబులెన్సులో తీసుకొచ్చేసరికి అక్క పెదాలు నల్లబడ్డాయి. ఆక్సిజన్ పెట్టి, మెషిన్‌కి తగిలించి, నీరు లాగాక సాయంత్రానికి మనిషి మనుషుల్లో పడింది. డాక్టరు నర్సమ్మని పక్కకి పిలిచి, "ఈసారికి గట్టెక్కారు. ఇంకోసారి ఇలాగే మానేస్తే మాత్రం నా చేతుల్లో ఉండదు. మీకు నేను చెప్పాలా?" అన్నాడు.

చెప్పక్కర్లేదు. ఆవిడకి ఆయనకంటే ఎక్కువే తెలుసు. హాస్పీసులో ఇలాంటివాళ్ళని చూసింది. ముందు ఒక వంతు మానేస్తారు, తర్వాత ఇంకోటి, తర్వాత ఒకరోజు మెషినే వద్దంటారు. బతికి బతికి విసిగిపోయినవాళ్ళు పట్టే దారి అది. అక్క కూడా ఆ దారే పట్టిందని నర్సమ్మ గట్టిగా నమ్మేసింది. నమ్మాక అడగడానికి నోరు పెగల్లేదు. అడిగితే అక్క అవునంటుందేమోనని ప్రాణం అరచేతిలో పెట్టుకుని తిరిగింది. ఎదురుపడితే బీపీ గురించి మాట్లాడేది, మందుల గురించి మాట్లాడేది, ఆ ఒక్కటీ తప్ప అన్నీ మాట్లాడేది.

అలా ఉండగా కాలేజీలో ఒకమ్మాయి లేచి, "మేడం, రోగి మన సొంతమనిషైతే ఏం చెయ్యాలి?" అని అడిగింది.

"సొంతమనిషైనా అంతే. కూర్చో, అడుగు, నోరు మూసుకో" అని ఠక్కున చెప్పేసింది నర్సమ్మ. చెప్పాక ఆ మాట తిరిగొచ్చి తనకే తగిలింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంటారే, సరిగ్గా అలా ఉంది ఆవిడ పరిస్థితి. మిగతా పాఠం ఏం చెప్పిందో ఆవిడకే తెలీదు. క్లాసు అవగానే బస్సెక్కి తిన్నగా అక్కింటికి వెళ్ళింది.

అక్క కుట్టుమిషన్ దగ్గర కూర్చుని పాత కర్టెన్ అంచు మడిచి కుడుతోంది. బావ వంటింట్లో గిన్నెలు తోముతున్నాడు. నర్సమ్మ వంగి కాలు నొక్కి చూసింది, కొద్దిగా గుంట పడింది. ఈసారి బావని నిలదియ్యకుండా స్టూలు లాక్కుని అక్క ఎదురుగా కూర్చుంది. హాస్పీసులో ఎందరి ముందో అన్న మాటలే, ఇప్పుడు మాత్రం ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ అంది.

"అక్కా, నీకు విసుగొచ్చిందని నాకు అర్థమైంది. డయాలసిస్ వద్దనుకుంటే మానెయ్యడం నీ హక్కు. నేను బలవంతం చెయ్యను. నొప్పి తెలీకుండా చూసుకుంటాను. చివరిదాకా నీ పక్కనే ఉంటాను."

వంటింట్లో గిన్నె ఏదో దభీమని పడింది. అక్క మిషన్ ఆపి, కళ్ళజోడు తీసి, చెల్లెల్ని ఎగాదిగా చూసింది.

"ఏమే, నేను చస్తానని ఎవరు చెప్పారే నీకు?"

"మరి... ఇన్నిసార్లు మానేస్తుంటే..."

"మానేస్తే? నాకు బతకాలని ఉందే పిచ్చిదానా! మొన్న ఊపిరాడనప్పుడు ఎంత భయపడ్డానో నాకు తెలుసు. పైగా ఈయన్ని ఎవరికి అప్పగించి పోతాను? గ్యాసు పొయ్యి వెలిగించడం కూడా రాదు."

"వచ్చు" అన్నాడు బావ వంటింట్లోంచి.

"మీరు ఊరుకోండి."

"మరెందుకు రావట్లేదు?" అంది నర్సమ్మ.

"నువ్వుంటావని."

అక్క మొదలుపెట్టింది. మొదలుపెడితే ఆగే మనిషి కాదు.

"వస్తూనే నా కాలు నొక్కుతావు. నా మొహం చూసి పలకరించి ఎన్నాళ్ళయిందే? గ్లాసుడు నీళ్ళు తాగాలంటే గుమ్మం వైపు చూసుకుని దొంగలా తాగుతున్నాను. మొన్న ఆ పిల్లలందరికీ నా చెయ్యెత్తి చూపించావు, సంతలో గేదె పళ్ళు చూపించినట్టు. 'ఈవిడ మా అక్క' అని ఒక్క మాటన్నావా?"

అనలేదు. నర్సమ్మకి గుర్తుంది. ఫిస్టులా అంది గానీ అక్క అనలేదు.

"సూది నొప్పెడుతుందే చిట్టీ. నీ చేతిదైనా నొప్పే. అందరూ నీ చెయ్యి వెన్న అంటుంటే నేనొక్కదాన్నే నొప్పని ఎలా అంటాను? అంటే నీ మొహం మాడిపోతుంది. అందుకని పళ్ళు బిగబట్టి నవ్వుతూ కూర్చుంటాను. నాకు ఎంత కోపమొస్తుందో తెలుసా? ఆ మెషిన్ మీద, ఆ కుర్చీ మీద, ఆ నర్సు మీద. ఆ నర్సు నన్ను రాచిరంపాన పెడుతోందని మా చెల్లెలికి చెప్పుకుని ఏడుద్దామంటే, నాకు చెల్లెలేదే?"

చెప్పొద్దూ, నర్సమ్మకి ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళ చాకిరీ! ఎన్ని సెలవులు వదులుకుంది, ఎన్ని పూటలు తిండి మానుకుంది!

"అయితే నిన్ను మా దగ్గర ఈమధ్యే చేరిన కొత్తమ్మాయికి అప్పగించమంటావా? దానికింకా చెయ్యి కుదరలేదు. ఒక్క సూదికి రెండుసార్లు గుచ్చుతుంది. చెయ్యంతా కమిలిపోతుంది, తెలుసా?"

"కమలనీ. కమిలిన చెయ్యి నీకు చూపించి ఏడుస్తాను."

బావ తడిచేతులతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "అది సరే గానీ, ఎల్లుండి వెళ్తావా వెళ్ళవా? అది చెప్పు ముందు" అన్నాడు. పాపం ఆయనకి కావల్సింది ఆ ఒక్క ముక్కే.

"గుచ్చేదెవరో తెలిస్తే ఆలోచిస్తాను" అని అక్క కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ మిషన్ తొక్కింది.

నర్సమ్మ లేచి వచ్చేసింది. బస్సెక్కాలని కూడా తోచక నడుచుకుంటూ వెళ్ళింది. సగం దారిలో కోపం చల్లారి ఏడుపు మొదలైంది. దుకాణాల వెలుతురులో పదిమందీ చూస్తుండగా ముక్కు తుడుచుకుంటూ నడిచింది. అక్క నవ్వుతూ కూర్చున్న ఒక్కో పూటా గుర్తొచ్చింది. ఒంట్లో నీరు ఎంత చేరిందో బొటనవేలితో పట్టేసే మనిషి, ఆ నవ్వుని రెండేళ్ళు పట్టుకోలేకపోయింది. దానికి ఏ కాలేజీలో పాఠం చెప్తారు?

మర్నాడు వెళ్ళి ఇన్‌ఛార్జితో, అక్క కుర్చీ కొత్తమ్మాయికి ఇవ్వమంది. "మీరుండగా ఆ అమ్మాయెందుకు?" అని ఆవిడ ఆశ్చర్యపోయింది. "మా అక్క అడిగింది" అని ఊరుకుంది నర్సమ్మ. కొత్తమ్మాయిని పిలిచి ఫిస్టులా ఎక్కడ వంకర తిరుగుతుందో, సూది ఎటు ఏటవాలుగా దించాలో కాగితం మీద గీసి చూపించింది. ఆ పిల్లకి చెమటలు పట్టేశాయి. అక్క వచ్చే పూటకి తను సెలవు పెట్టుకుని బావకి ఫోన్ చేసి, "రేపు నేను డ్యూటీలో ఉండను. ఊరికే వస్తాను. అక్కకి చెప్పండి" అంది.

ఆ రోజు పొద్దున్నే నర్సమ్మ మామూలు బట్టల్లో ఆసుపత్రి గుమ్మం దగ్గర నిలబడింది. వస్తుందా రాదా అని రోడ్డు వైపే చూస్తోంది. ఇంకో వంతు తప్పితే ఏమవుతుందో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. వ్యాను వచ్చి ఆగింది. సెలూన్ మామయ్య దిగాడు, ఇంకెవరో దిగారు, వ్యాను ఖాళీ అయినట్టే కనిపించింది. చివరికి బావ దిగి చెయ్యి అందించాడు. అక్క ఆ చెయ్యి పట్టుకుని నెమ్మదిగా దిగింది. నర్సమ్మ చూపు దానంతటదే అక్క కాళ్ళ మీదికి వెళ్ళింది. బలవంతంగా పైకి లాక్కుని, "బాగున్నావా అక్కా?" అంది.

"ఏం బాగులే" అంది అక్క.

లోపల కొత్తమ్మాయి సూది తీసింది. నర్సమ్మ రోగుల బంధువులు కూర్చునే స్టూలు మీద, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. మొదటి సూది పక్కకి పోయింది. చర్మం కింద నీలంగా ఉబ్బింది. కొత్తమ్మాయి భయంగా నర్సమ్మ వైపు చూసింది. ఆవిడ పెదవి కొరుక్కుని టీవీ వైపు తిరిగింది. రెండోసారి దిగింది. మెషిన్ తిరగడం మొదలైంది. కొత్తమ్మాయి, "సారీ అండీ, బాగా నొప్పెట్టిందా?" అంటూ ఏడవబోయింది.

"నొప్పెట్టదూ? ప్రాణం పోయింది!" అని గట్టిగా కేకేసింది అక్క. రెండేళ్ళలో ఆ గదిలో ఆవిడ నోట నొప్పి మాట రావడం అదే మొదలు. తర్వాత కాస్త చల్లబడి, "ఫరవాలేదులేమ్మా, నువ్వు వెళ్ళి పని చూసుకో. నువ్వే నయం. ఇంతకుముందు ఇక్కడ ఒకావిడ ఉండేది" అంది.

పక్క కుర్చీలో సెలూన్ మామయ్య టీవీ గొంతు తగ్గించాడు.

నర్సమ్మ టీవీ వైపు నుంచి ఇటు తిరిగింది. "ఎవరక్కా?" అంది.

"ఉండేదిలే ఒకావిడ. చెయ్యి మంచిదే, కాదనను. ఏమాటకామాటే చెప్పుకోవాలి. కానీ అబ్బబ్బ, ఏం నోరనుకున్నావు! దాహమేస్తోందంటే ఐసుముక్క చప్పరించమనేది. అదీ ఒక్కటే."

"అయ్యో. నువ్వు ఊరుకున్నావా?"

"ఊరుకోక? ఆవిడకి కోపమొస్తే మీ బావ కూడా వంటింట్లో దాక్కునేవాడు."

"నిజమేనండోయ్" అన్నాడు బావ, ఎవరినీ ఉద్దేశించకుండా.

నర్సమ్మ స్టూలు దగ్గరికి జరుపుకుని అక్క రెండో చెయ్యి పట్టుకుంది. కళ్ళు కారిపోతున్నాయి, నవ్వూ ఆగట్లేదు. "పెద్దదానివని కూడా చూసేది కాదా?" అంది.

"పెద్దా లేదు చిన్నా లేదు. ఒకరోజు ఏం చేసిందో తెలుసా..." అని అక్క కుర్చీలో సర్దుకుని కూర్చుంది. ఆ పూటంతా చెప్పింది. పిల్లల ముందు చెయ్యెత్తి చూపించిన సంగతి చెప్పింది, చెప్తూ ఏడ్చింది. నర్సమ్మ "ఎంత పొగరు!" అంది, తనూ ఏడ్చింది. మధ్యలో మెషిన్ కుయ్యిమంటే నర్సమ్మ లేవబోయింది. "నువ్వు కూర్చో, వాళ్ళొస్తారు" అని అక్క చెయ్యి వదల్లేదు. కొత్తమ్మాయి పరిగెత్తుకొచ్చి సరిచేసింది.

మెషిన్ ఆగింది గానీ అక్క ఆగలేదు. సూదులు తీసి కట్టు కడుతున్నంతసేపూ చెప్తూనే ఉంది. బయట వ్యాను హారన్ కొట్టింది. బావ సంచీ భుజానికి తగిలించుకున్నాడు. అక్క కమిలిన చెయ్యి ఒకసారి చెల్లెలి మొహం ముందు ఆడించి, చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటూ, "ఇంకా బోలెడుంది. మిగతాది ఎల్లుండి చెప్తాను, నువ్వు కాస్త తొందరగా రా" అంది.